బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోయింది, సర్వర్ లేవడం లేదు, కాటా ఆగిపోయింది

నీవా_ఒడ్డు
చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో కంప్యూటర్ల బాధ్యత నాది. కాటా దగ్గర తూకం, రైతుల ఖాతాలు, చెల్లింపు చీటీలు అన్నీ ఒకే ఒక టవర్ సర్వర్ మీద నడుస్తాయి. నిన్న రాత్రి 11 గంటలకు కాయ దిగడం ఆగిన తరువాత, చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన బయోస్ (బటన్ నొక్కగానే యంత్రాన్ని లేపే తొలి కోడు) అప్‌డేట్ మొదలుపెట్టాను. 60 శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. 35 నిమిషాలు నిలుస్తానని తెర మీద చూపిస్తున్న యూపీఎస్ నిమిషం కూడా నిలవలేదు.

ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. తెర నల్లగానే ఉంది, బీప్ లేదు. 20 సెకన్లకు దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోంది. సరఫరా చేసిన వారి ఇంజినీరు చెన్నై నుంచి రావడానికి మూడు రోజులు పడుతుందని, మదర్‌బోర్డు మార్చవలసి రావచ్చని అంటున్నారు. దామలచెరువు, బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు తెల్లవారుజాము నుంచి గేటు బయట వరుసలో నిలబడి ఉన్నాయి. తూకాన్ని నోటుపుస్తకంలో రాసి పంపుతున్నాం. తోతాపురి కాయ ఎండలో నిలిచే కొద్దీ మెత్తబడుతుంది, దానితో పాటు రైతు ధర కూడా పడిపోతుంది. డిస్కులు రెండు, ఒకదానికొకటి ప్రతిబింబంగా లైనక్స్ రెయిడ్‌లో ఉన్నాయి. చివరి బ్యాకప్ ఆదివారానిది. డేటా ఉన్నట్టా, పోయినట్టా?

తలకోన_జలధార
డేటా ఉంది. బయోస్ ఉండేది బోర్డు మీది చిన్న చిప్పులో, డిస్కులకు దానితో సంబంధం లేదు. డిస్కులు బయటికి తీస్తే మాత్రం ఏది ఏ అరలోనిదో మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

శేషాచలం_అంచు
ముందు ఎక్కడ ఆగిందో తేల్చుకోవాలి. సర్వర్ లేవలేదు అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు జబ్బులు ఉంటాయి. తెర మీద సంస్థ గుర్తు కూడా రాకపోతే అది ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటి, చిప్పులోనే ఉండే కోడు) లేదా హార్డ్‌వేర్ సమస్య. గుర్తు వచ్చి, బూట్ చేయడానికి పరికరం లేదని చెబితే అది బూట్ లోడర్‌కూ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) సెట్టింగులకూ సంబంధించిన సమస్య. కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోడయి మధ్యలో నిలిచిపోతే అది ఆపరేటింగ్ సిస్టమ్ సమస్య. మీరు మొదటి గడప దగ్గరే ఉన్నారు. అది దాటాక రెండోది, మూడోది కూడా ఎదురు కావచ్చు, అప్పుడు కంగారు పడకండి.

సర్వర్ వెనుక విడిగా ఒక నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది. అది బీఎంసీది. బీఎంసీ అంటే బోర్డు మీదే ఉన్న మరో చిన్న కంప్యూటర్. పవర్ బటన్ నొక్కకపోయినా, తీగ గోడకు తగిలించి ఉంటే చాలు, అది పనిచేస్తూనే ఉంటుంది. డెల్ వారు దానిని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ వారు ఐలో అంటారు. ఆ పోర్టు దీపం వెలుగుతోందా, దాని వెబ్ పేజీ తెరుచుకుంటోందా చూసి చెప్పండి. చాలా బోర్డులలో సర్వర్ ఆపి ఉంచి, అక్కడి నుంచే బయోస్‌ను మళ్లీ రాయవచ్చు.

బెంగళూరు_రోడ్డు
ఇంజినీరు వచ్చే దాకా ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మీరు చేయి పెట్టిన తరువాత ఏది చెడినా ఆ నింద మీ మీదే పడుతుంది. బోర్డు మార్చితే పోయేది డబ్బే.

నీవా_ఒడ్డు
వారంటీ పోయిన ఏడాదే ముగిసింది, ముట్టుకోవడానికి యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది. బీఎంసీ పేజీ తెరుచుకుంది. లాగ్‌లో అప్‌డేట్ మొదలైనట్టు ఉంది, ముగిసినట్టు లేదు. బయోస్ రాసే చోట మాత్రం లైసెన్స్ కీ అడుగుతోంది. ఆ కీ మేము కొనలేదు. బోర్డు వివరాలు ఇక్కడ రాయలేను కాబట్టి శేషాచలం గారికి విడిగా పంపాను.

పాత_చిప్పు
బాబూ, సర్వర్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. గేటు దగ్గర రైతుకు కావలసింది తూకం, సర్వర్ కాదు. మొదటి డిస్కు బయటికి తీసి, అంతే పరిమాణం లేదా అంతకన్నా పెద్దదైన ఖాళీ డిస్కు మీదికి దానిని పూర్తిగా కాపీ చేయండి. ఆ కాపీని ఆఫీసులోని ఏదో ఒక డెస్క్‌టాప్‌కు తగిలించి లేపండి. లైనక్స్ కాబట్టి వేరే బోర్డు మీద కూడా చాలావరకు లేస్తుంది. ఆ తరువాత సర్వర్‌ను నిదానంగా బాగు చేసుకోవచ్చు.

రేణిగుంట_పాయింట్స్
కాపీ ఎందుకు? డిస్కునే నేరుగా తగిలిస్తే పది నిమిషాల పని. ప్రతిబింబం రెండో డిస్కులో ఎలాగూ ఉంది.

పాత_చిప్పు
పది నిమిషాల పనే, కానీ అందులో ఉచ్చు ఉంది. ఒక డిస్కు డెస్క్‌టాప్‌లో ఈ రోజు తూకాలు రాసుకుంటుంది, రెండోది నిన్నటి దగ్గరే ఆగి ఉంటుంది. రేపు సర్వర్ బాగయ్యాక రెండింటినీ తొందరలో మళ్లీ పక్కపక్కన పెడితే, ఏది కొత్తదో ఏది పాతదో పొరబడి పాతదానినే ఆధారంగా తీసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు ఈ రోజు కాయ తోలిన రైతు లెక్క మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అసలు డిస్కులు రెండూ నిన్న రాత్రి ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

రేణిగుంట_పాయింట్స్
ఆ కోణం నేను ఆలోచించలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

తలకోన_జలధార
డిస్కు 1 టెరాబైట్ అయితే, సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో కాపీకి దాదాపు మూడు గంటలు పడుతుంది. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి. చదవడంలో తప్పు వచ్చిన చోట ఆగిపోకుండా ముందుకు సాగి, వదిలేసిన భాగాల కోసం చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఎంటర్ నొక్కే ముందు పక్కన ఎవరినైనా నిలబెట్టి, రెండు డిస్కుల సీరియల్ నంబర్లూ పైకి చదివించండి. ఆ రెండు పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి అసలు దాని మీద కూర్చుంటుంది.

కాణిపాకం_బాట
ఆ మూడు గంటలలో సర్వర్ తీగలు రెండూ పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, గుండ్రని బ్యాటరీ తీసి, సీమాస్ క్లియర్ జంపర్ పెట్టి చూడండి. మా బడి సర్వర్ రెండుసార్లు అలాగే లేచింది.

శేషాచలం_అంచు
అది చెడ్డ సలహా కాదు. కానీ దానితో ఏమి జరుగుతుందో తెలుసుకుని చేయాలి. సీమాస్ క్లియర్ సెట్టింగులను చెరుపుతుంది, బయోస్ కోడును బాగు చేయదు. మీ బడి సర్వర్‌లో చెడినది సెట్టింగు అయి ఉంటుంది. ఇక్కడ కోడే సగంలో ఆగింది. పైగా బోర్డులోని సాటా రెయిడ్ వాడేవారు క్లియర్ చేస్తే ఆ ఎంపిక మామూలు ఏహెచ్‌సీఐకి మారి, డిస్కులు విడివిడిగా కనబడి, రెయిడ్ పోయిందనుకుని దానిని కొత్తగా తయారు చేసి డేటా పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. నీవా గారిది లైనక్స్ రెయిడ్ కాబట్టి ఆ భయం లేదు.

దానికన్నా ముందు ప్రయత్నించవలసినది బూట్ బ్లాక్. చాలా బోర్డులలో అప్‌డేట్ సమయంలో చెరపకుండా విడిచిపెట్టే చిన్న భాగం ఒకటి ఉంటుంది. ప్రధాన కోడు చెడినప్పుడు అది యూఎస్‌బీ డ్రైవులో నిర్ణీతమైన పేరుతో ఉన్న ఫైలు కోసం వెతుకుతుంది. సూపర్‌మైక్రో బోర్డులలో ఆ ఫైలు పేరు సూపర్ డాట్ ఆర్‌ఓఎం, కంట్రోల్, హోమ్ మీటలు కలిపి నొక్కాలి. హెచ్‌పీఈ ప్రోలయంట్‌లలో అయితే రెండో ప్రతి ఒకటి బోర్డు మీదే సిద్ధంగా ఉంటుంది. మీ బోర్డు పద్ధతి మీకు విడిగా పంపాను. డ్రైవు చిన్నదిగా ఉండాలి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, వెనుక వైపు యూఎస్‌బీ 2 పోర్టులోనే పెట్టాలి.

నీవా_ఒడ్డు
కాపీ నడుస్తోంది, 41 శాతం. బూట్ బ్లాక్ పద్ధతి మూడు డ్రైవులతో ప్రయత్నించాను. డ్రైవు దీపం ఒక్కసారి కూడా మెరవలేదు. అంటే ఆ భాగం కూడా పోయినట్టేనా?

శేషాచలం_అంచు
పోయి ఉండవచ్చు. అలా అయితే మిగిలింది ప్రోగ్రామర్ అనే పరికరం. చిప్పుకు క్లిప్ తగిలించి బయటి నుంచి రాయడం. నా దగ్గర ఉంది. తిరుపతిలో డ్యూటీ 5 గంటలకు ముగుస్తుంది, 70 కిలోమీటర్లే కదా, చంద్రగిరి మీదుగా సాయంత్రానికి వస్తాను. బోర్డు మీద ఆ చిప్పు ఎక్కడుందో వెతికి, దాని మీది అక్షరాలను ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి పంపండి.

బెంగళూరు_రోడ్డు
ఆ ప్రోగ్రామర్ల విషయంలో నేను గట్టిగా హెచ్చరించాలి. మార్కెట్టులో దొరికే నల్ల రంగు సీహెచ్341ఏ బోర్డులు చాలావాటిలో చిప్పుకు 3.3 వోల్టులే అందినా, డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి. కొన్ని చిప్పులు 1.8 వోల్టులవి, వాటికి మధ్యలో అడాప్టర్ లేకుండా తగిలిస్తే కాలిపోతాయి. ఇంజినీరు మూడు రోజుల్లో వస్తాడంటే ఈ సాహసం దేనికి?

శేషాచలం_అంచు
మీ హెచ్చరిక న్యాయమైనది. నాది వోల్టేజీ ఎంచుకునే వీలున్న బోర్డు, మీటరు పెట్టి డేటా తీగలు కొలిచినది. చిప్పు ఫోటో వచ్చింది, 3.3 వోల్టుల రకమే, 16 మెగాబైట్లు, ఎనిమిది కాళ్లు. ఉన్నదానిని చదివి దాచుకోకుండా ఒక్క బైటు కూడా రాయను.

నీవా_ఒడ్డు
కాపీ తప్పులు లేకుండా ముగిసింది. అసలు డిస్కు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. కాపీని లెక్కల విభాగం డెస్క్‌టాప్‌కు తగిలిస్తే, బూట్ చేయడానికి పరికరం ఏదీ లేదంటోంది. బయోస్ జాబితాలో డిస్కు పేరు కనబడుతోంది, కానీ లేవడం లేదు.

గ్రబ్_గడప
ఇది శేషాచలం గారు చెప్పిన రెండో గడప. యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరం బయోస్ పద్ధతిలో ఏ డిస్కులోని ఏ ఫైలును లేపాలి అన్నది డిస్కులో ఉండదు, బోర్డు మీది ఎన్‌వీర్యామ్ అనే జ్ఞాపకంలో ఉంటుంది. మీ పాత బోర్డుకు తెలిసిన చిరునామా ఈ డెస్క్‌టాప్‌కు తెలియదు. చిరునామా లేనప్పుడు ఏ యంత్రమైనా డిస్కులోని ఈఎఫ్‌ఐ విభాగంలో, బూట్ అనే ఫోల్డరులో, బూట్‌ఎక్స్64 అనే ఫైలు కోసం చూస్తుంది. మీ దాంట్లో ఆ ఫైలు లేనట్టుంది.

లైవ్ యూఎస్‌బీతో లేపండి. ఆ యూఎస్‌బీ కూడా యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే లేవాలి, పాత పద్ధతిలో లేస్తే తరువాతి మెట్లేవీ పనిచేయవు. రెయిడ్‌ను ఒకే డిస్కుతో నిలబెట్టి, రూట్ విభాగాన్ని, ఈఎఫ్‌ఐ విభాగాన్ని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను లోపలికి బైండ్ చేసి, క్రూట్‌తో మీ సిస్టమ్‌లోకి వెళ్లి, గ్రబ్ (లైనక్స్ బూట్ లోడర్) ఇన్‌స్టాల్ ఆదేశాన్ని రిమూవబుల్ ఎంపికతో ఇవ్వండి. ఆ ఎంపిక ఇస్తే గ్రబ్ సరిగ్గా ఆ బూట్‌ఎక్స్64 చోటికే వెళుతుంది. తరువాత ఏ బోర్డుకు తగిలించినా లేస్తుంది.

నీవా_ఒడ్డు
గ్రబ్ మెనూ వచ్చింది! కర్నెల్ కూడా లోడయింది. కానీ ఒక చోట నిమిషంన్నర ఆగి, ఎమర్జెన్సీ మోడ్ అని చెప్పి రూట్ పాస్‌వర్డ్ అడుగుతోంది.

గ్రబ్_గడప
90 సెకన్లే కదా ఆగింది? ఎఫ్‌స్టాబ్‌లో, అంటే లేచేటప్పుడు మౌంట్ చేయవలసిన డిస్కుల జాబితాలో, రాసి ఉన్న డిస్కు ఏదో ఇప్పుడు తగిలించి లేదు. దాని కోసం, సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ అంతసేపు ఎదురుచూసి చేతులెత్తేస్తుంది. పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి, ఆ వరుసలో నోఫెయిల్ (డిస్కు లేకపోయినా ముందుకు సాగు) అనే మాట చేర్చండి.

నీవా_ఒడ్డు
నిజమే. బ్యాకప్ కోసం పెట్టే యూఎస్‌బీ డిస్కు ఆదివారం తీసి ఇంట్లో పెట్టాను. ఆ వరుస సరిచేయగానే లాగిన్ వచ్చింది. ఇప్పుడు నెట్‌వర్క్ లేదు.

తలకోన_జలధార
వేరే బోర్డు కాబట్టి నెట్‌వర్క్ కార్డు పేరు మారి ఉంటుంది. సెట్టింగుల ఫైలులో పాత పేరు తీసి కొత్త పేరు రాయండి. ఐపీ చిరునామా మాత్రం పాతదే ఉంచండి, లేకపోతే కాటా గదిలోని కంప్యూటర్‌కు సర్వర్ దొరకదు.

నీవా_ఒడ్డు
3.50కి మొదటి చీటీ ప్రింటయింది. కాటా మీద ఉన్నది పూతలపట్టు వైపు ట్రాక్టర్. ఆ రైతు తెల్లవారుజామున 4 గంటల నుంచి ట్రైలరు మీద తడి గోనెసంచులు కప్పి, వాటి మీద గంటకోసారి నీళ్లు చల్లుతూ కూర్చున్నాడు. చీటీ చేతికి ఇచ్చినప్పుడు బరువు వైపు చూడలేదు, ముందు తన పేరు సరిగ్గా పడిందా లేదా అని చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉదయం నోటుపుస్తకంలో రాసిన 31 తూకాలను ఇప్పుడు ఇద్దరం కూర్చుని ఎక్కిస్తున్నాం, ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొడుతున్నారు.

పాత_చిప్పు
మంచి మాట చెప్పారు. ఇక సర్వర్ తొందర లేదు.

శేషాచలం వచ్చే లోపు ఒక పాత సంగతి. 1999 ఏప్రిల్ 26, సోమవారం. తిరుపతిలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. ఉదయం తలుపు తీసి స్విచ్ వేస్తే, నాలుగింటిలో మూడు కంప్యూటర్లు మీ సర్వర్ లాగే ఫ్యాన్ తిరగడం తప్ప మరేమీ చేయలేదు. సీఐహెచ్ వైరస్ అని తరువాత తెలిసింది. అది విండోస్ 95, 98 యంత్రాలలో దాక్కుని, ఆ తేదీన లేచి, హార్డ్ డిస్కు మొదటి భాగాన్ని చెరిపి, వీలైన చోట బయోస్ మీద కూడా చెత్త రాసేది. పెళ్లి పత్రికల కాలం, పార్టీలు వచ్చి కూర్చున్నాయి.

అప్పట్లో బయోస్ చిప్పు సాకెట్‌లో ఉండేది, చేతితో తీయవచ్చు. ప్రోగ్రామర్ మా దగ్గర ఎక్కడిది? అదే రకం బోర్డు ఉన్న నాలుగో కంప్యూటర్‌ను బాగున్న చిప్పుతో లేపి, అది నడుస్తూ ఉండగానే ఆ చిప్పును పట్టుకారుతో మెల్లగా పైకి లాగి, చెడిన చిప్పును అదే సాకెట్‌లో దించి, దాని మీద బయోస్ రాశాం. లేచిన తరువాత బయోస్ మొత్తం మెమరీలో ఉంటుంది కాబట్టి చిప్పు తీసినా యంత్రం ఆగదు. చిప్పు లాగుతున్నంతసేపు నేను ఊపిరి బిగబట్టడం, పక్కన మా తమ్ముడు టార్చిలైటు పట్టుకోవడం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. మూడింటిలో రెండు లేచాయి.

కాణిపాకం_బాట
నడుస్తున్న యంత్రంలోంచి చిప్పు తీయడం వింటేనే చేయి వణుకుతోంది అన్నా.

శేషాచలం_అంచు
చిత్తూరు నుంచి తిరిగి వస్తూ బస్సులో రాస్తున్నాను. జరిగినది వివరంగా రాస్తే రేపు ఇంకొకరికి పనికి వస్తుంది.

తీగలు రెండూ పీకి, గుండ్రని సీఆర్2032 బ్యాటరీ తీసి, బోర్డులో మిగిలిన కరెంటు పోయేందుకు పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచాం. చేతికి స్టాటిక్ పట్టీ కట్టుకున్నాను. చిప్పు మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటో కాలు. క్లిప్‌లోని ఎర్ర తీగ ఆ వైపే రావాలి. నీవా గారు ఫోన్ దీపం పట్టుకుంటే నేను కళ్లద్దాలు తీసి మరీ చూసి తగిలించాను.

ఫ్లాష్‌రోమ్ అనే ప్రోగ్రామ్‌తో మొదటిసారి చదివి షా256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీశాను. రెండోసారి చదివితే విలువ మారింది. అంటే క్లిప్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ప్రోగ్రామర్ ఇచ్చే కొద్దిపాటి కరెంటును బోర్డులోని మిగతా భాగాలు కూడా లాగుతున్నాయి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఒకసారి చదివి, బాగానే ఉందనుకుని రాయడం మొదలుపెడతారు. క్లిప్ తీసి, చిప్పు కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పొడవు తీగ బదులు పొట్టి తీగ వేసి మళ్లీ చదివాను. ఈసారి వరుసగా మూడుసార్లు ఒకే విలువ వచ్చింది. ఆ ప్రతిని నా ల్యాప్‌టాప్‌లోనూ, నీవా గారి పెన్‌డ్రైవులోనూ దాచిన తరువాతే ముందుకు వెళ్లాం.

ఆ ప్రతిని తెరిచి చూస్తే నిన్న రాత్రి ఏమి జరిగిందో కళ్లకు కట్టినట్టు కనబడింది. ఒక చోటి వరకు కొత్త కోడు ఉంది. ఆ తరువాత వరుసగా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. ఫ్లాష్ చిప్పులో చెరిపి ఇంకా రాయని చోటు అలాగే కనబడుతుంది. చెరపడం అయింది, రాయడం మధ్యలో కరెంటు పోయింది. బూట్ బ్లాక్ ఉండవలసిన చోటు కూడా ఆ ఖాళీలోనే పడింది, అందుకే పెన్‌డ్రైవు దీపం మెరవలేదు.

తయారీదారు ఇచ్చే ఫైలును ఉన్నపళంగా మొత్తం చిప్పు మీద రాయకూడదు. కొన్నింటికి ముందు అదనపు శీర్షిక భాగం ఉంటుంది. అందుకే మొదట పరిమాణం చూడాలి. 16 మెగాబైట్ల చిప్పుకు ఫైలు సరిగ్గా 1,67,77,216 బైట్లు ఉండాలి. మా ఫైలు అంతే ఉంది. అయినా చిప్పులో బయోస్ ఒక్కటే ఉండదు. ఇంటెల్ బోర్డులలో డిస్క్రిప్టర్ (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పటం), మేనేజ్‌మెంట్ ఇంజిన్ (ఇంటెల్ సొంత కోడు), కొన్నింటిలో నెట్‌వర్క్ చిరునామా కూడా అదే చిప్పులో వేరు వేరు భాగాలుగా ఉంటాయి. అవి ఆ బోర్డుకే ప్రత్యేకం. కాబట్టి డిస్క్రిప్టర్ ఆధారంగా బయోస్ భాగాన్ని మాత్రమే ఎంచుకుని రాశాను. రాయడానికి, సరిచూడడానికి కలిపి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఈసారి ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీదే నడిచింది.

క్లిప్ తీసి, కొత్త బ్యాటరీ వేసి, తీగలు పెట్టి బటన్ నొక్కాం. ఫ్యాన్లు మళ్లీ పూర్తి వేగంతో తిరిగాయి. అరనిమిషానికి ఆగి, మళ్లీ మొదలైంది. నీవా గారి ముఖం వాడిపోయింది. నేను ఆగమన్నాను. సెట్టింగులన్నీ పోయాక మొదటిసారి లేచేటప్పుడు బోర్డు మెమరీని కొత్తగా కొలుచుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, మధ్యలో తనంతట తానే ఆగి లేవవచ్చు కూడా. మూడో నిమిషంలో ఫ్యాన్ల హోరు తగ్గింది. తెర కన్నా ముందు ఆ శబ్దమే చెప్పింది, పని అయిందని.

గ్రబ్_గడప
ఆపరేటింగ్ సిస్టమ్ లేపే ముందు గడియారం సరిచేశారా? బ్యాటరీ తీశారు కాబట్టి తేదీ వెనక్కి వెళ్లి ఉంటుంది. ఆ తేదీతో డేటాబేస్ లేస్తే తూకాల మీద తప్పు తేదీ పడుతుంది.

నీవా_ఒడ్డు
మీరు అడుగుతారని తెలిసినట్టే శేషాచలం గారు నన్ను ఆపారు. బయోస్‌లో చూస్తే 2019 జనవరి 1 అని ఉంది. మా లైనక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీలో చదువుతుంది కాబట్టి మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక్కి పెట్టాం. బూట్ చిరునామా ఇక్కడ కూడా పోయింది. అసలు డిస్కుకు కూడా మధ్యాహ్నం నేర్చుకున్న గ్రబ్ పద్ధతే వాడాను, ఈసారి పది నిమిషాలు పట్టింది.

ఇంకొకటి బయటపడింది. రెయిడ్ రెండు డిస్కుల మీద ఉన్నా, ఈఎఫ్‌ఐ విభాగం మొదటి డిస్కులోనే ఉంది, రెండోదాంట్లో ఆ చోటు ఖాళీ. అంటే ఇన్నేళ్లలో మొదటి డిస్కు ఎప్పుడు పోయినా, డేటా రెండోదాంట్లో భద్రంగా ఉండి కూడా సర్వర్ లేచేది కాదు. రెండోదానికి కూడా గ్రబ్ ఎక్కించాను.

రాత్రి 10.30కి కాటా ఆపి, డెస్క్‌టాప్‌లోని డేటాబేస్‌ను డంప్ చేసి సర్వర్‌లోకి ఎక్కించాను. తూకాల సంఖ్య, మొత్తం బరువు రెండు చోట్లా సరిపోయాక డెస్క్‌టాప్ ఆపేశాను.

బెంగళూరు_రోడ్డు
నా అనుమానం తప్పని తేలింది, సంతోషం. కానీ ఒక మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. నడుస్తున్న సర్వర్ బయోస్‌ను ముట్టుకోవడం దేనికి? నడిచేదానిని నడవనివ్వాలి.

రేణిగుంట_పాయింట్స్
దానితో నేను పూర్తిగా ఏకీభవించను, పూర్తిగా కాదనను కూడా. 2020 జూలైలో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే లోపం బయటపడినప్పుడు, దానిని సరిచేయడానికి లైనక్స్ సంస్థ రెడ్ హ్యాట్ విడుదల చేసిన అప్‌డేట్ వేసుకున్న కొన్ని సర్వర్లు అసలు లేవకుండా పోయాయి. సరిచేసిన ప్యాకేజీలు ఆ తరువాత వచ్చాయి. మొదటి రోజే వేసుకోవడం తొందరపాటు. అసలే వేసుకోకపోవడం ఇంకో ప్రమాదం.

తలకోన_జలధార
ఆ రెండో ప్రమాదానికి ఉదాహరణ ఉంది. 2019 నవంబరులో హెచ్‌పీఈ వారే ప్రకటించారు. కొన్ని ఎస్‌ఎస్‌డీలలో ఫర్మ్‌వేర్ లోపం వల్ల, వాడిన సమయం 32,768 గంటలకు చేరగానే, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకు, డిస్కు పనిచేయడం మానేస్తుంది, డేటా కూడా తిరిగి రాదు. రెయిడ్‌లోని డిస్కులన్నీ ఒకే రోజు మొదలుపెట్టినవైతే అన్నీ దాదాపు ఒకేసారి పోతాయి. అక్కడ కాపాడేది ముందుగా వేసుకున్న ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఒక్కటే.

బెంగళూరు_రోడ్డు
ప్రతిబింబం ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాడిని. మా దగ్గర రెండు డిస్కులూ ఒకే పెట్టెలోంచి తీసి ఒకే రోజు పెట్టినవి. రేపు స్మార్ట్ వివరాలలో, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలలో, గంటలు, ఫర్మ్‌వేర్ సంఖ్య చూస్తాను.

పాత_చిప్పు
అప్‌డేట్ వేయడం తప్పు కాదు. జూలైలో, కాయ ముమ్మరంగా దిగే వారంలో, బ్యాటరీలు ఎంత నిలుస్తాయో కొలవని యూపీఎస్ మీద వేయడం ఒక్కటే సరికాదు. గుజ్జు పరిశ్రమకు జనవరిలో బోలెడు తీరిక. నీవా గారూ, ఆ యూపీఎస్ సంగతి తేల్చారా?

నీవా_ఒడ్డు
ఈ ఉదయం తేల్చాను. సర్వర్ తీసేసి, దాని బదులు నాలుగు 100 వాట్ల బల్బులు తగిలించి గోడ స్విచ్ ఆపాను. తెర మీద 35 నిమిషాలు అని ఉండగానే 48 సెకన్లకు బల్బులు ఆరిపోయాయి. బ్యాటరీల మీద అతికించిన చీటీ చూస్తే అవి పెట్టి ఆరేళ్లయింది. కొత్తవి మధ్యాహ్నం చిత్తూరు గాంధీ రోడ్డులో తెచ్చి వేశాం. అవే నాలుగు బల్బులతో 26 నిమిషాలు వెలిగాయి. బయోస్‌లో కరెంటు రాగానే సర్వర్ దానంతట అదే లేచే ఎంపిక కూడా డిఫాల్ట్‌గా ఆగి ఉంది, దానిని మళ్లీ పెట్టాను.

శేషాచలం గారూ, ప్రయాణ ఖర్చు తీసుకోనన్నారు. మా మేనేజరు గారు రెండు పెట్టెల కాయ మీ చిరునామాకు పంపారు. తోతాపురి కాదు, బేనీషాన్. రేపు పొద్దునకు అందుతుంది.

శేషాచలం_అంచు
అందాయి. ఒక పెట్టె మా ఆఫీసులో పంచాను. ఆ పాత బయోస్ ప్రతి ఉన్న పెన్‌డ్రైవును మాత్రం చెరపకండి. బోర్డు సీరియల్ నంబరు కొత్త బయోస్‌లో ఖాళీగా చూపిస్తోంది కదా, అది ఆ ప్రతిలోంచి తీసి మళ్లీ ఎక్కించాలి. ఆదివారం కాటా ఆగాక ఫోన్ చేయండి, ఇద్దరం కలిసి చేద్దాం.